మల్లికి కంజీర అలవాటైన చలికాలం

మా మల్లికి శబ్దం అంటే ప్రాణం పోయేంత భయం. రెండేళ్ళ కిందట దీపావళి మర్నాడు పొద్దున తిరుపతి కొర్లగుంటలో మా సందు చివర ఆగి ఉన్న ఆటో కింద ముడుచుకుని దొరికింది. అప్పటికి మూడు నెలల కుక్కపిల్ల ఉంటుందేమో. తెల్లగా ఉందని మల్లి అని పేరు పెట్టాం. రాత్రంతా టపాకాయల మధ్య ఎక్కడెక్కడ తిరిగిందో ఏమో, ఇంటికి తెచ్చాక కుక్కర్ విజిల్ వేసినా మంచం కిందికి దూరిపోయేది, గంటసేపు బయటికి వచ్చేది కాదు. అలాంటి పిల్ల ఉన్న ఇంట్లో నేను కంజీర అనే చిన్న తోలు వాద్యం నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఎందుకు కంజీరే అంటే, ఒకసారి మహతి ఆడిటోరియంలో కచేరీకి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. మృదంగం పక్కన ఒకాయన అరచేతిలో పట్టేంత వస్తువు పట్టుకుని, దాంట్లోంచి గుమ్మని ఆ లోతైన నాదం తీస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఇంటికొచ్చినా చెవిలో అదే. జానెడు కూడా ఉండదు కదా, అంత గొంతు ఎక్కడినుంచి వస్తుంది అని. తర్వాత మాస్టారి దగ్గర చేరాను, వారానికి రెండు రోజులు, ఆఫీసు అయ్యాక.

చూడటానికి చాలా సింపుల్. పనస చెక్కతో గుండ్రటి చట్రం, ఒక వైపు తోలు, పక్కన చిన్న చీలికలో రెండు మూడు లోహపు బిళ్ళలు. పూర్వం ఉడుము తోలు బిగించేవాళ్ళు. ఇప్పుడు ఉడుముకి చట్టం రక్షణ ఉంది కాబట్టి చాలామంది మేకతోలు వాడుతున్నారు, నాదీ మేకతోలే. భజనల్లో మోగే ఈ వాద్యాన్ని కచేరీ వేదిక ఎక్కించింది పుదుక్కోట మాన్‌పూండియా పిళ్ళై గారు అని మాస్టారు మొదటి రోజే చెప్పారు, చెబుతూ చేతులు జోడించారు.

అసలు కష్టమంతా నీళ్ళ దగ్గర. తోలు లోపలివైపు వేళ్ళతో కాస్త తడి రాయాలి. తడి తక్కువైతే టక్ టక్‌మని చెక్క మీద కొట్టినట్టు ఉంటుంది, ఎక్కువైతే తోలు వేలాడి బొంగురు పోతుంది. సరిగ్గా కుదిరినప్పుడు మాత్రం ఎడమచేతి వేళ్ళతో అంచు దగ్గర తోలుని నొక్కుతూ కుడిచేత్తో కొడితే నాదం కిందికి పైకి సాగుతుంది, ఎవరో గొంతు సవరించుకుని మాట్లాడుతున్నట్టు. ఆ ఒక్క దెబ్బ కోసం నేను నెల రోజులు కూర్చున్నాను.

మల్లి సంగతికి వస్తే, మొదటి రోజు రెండు దెబ్బలు కొట్టగానే అది వంటింట్లోకి పరుగెత్తి గ్యాస్ సిలిండర్ వెనక ఇరుక్కుంది. వణుకుతోంది. దాన్ని ఎత్తుకుంటే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో నా చేతికి తెలుస్తోంది. ఆ రాత్రి నేను చాలా బాధపడ్డాను, కంజీర తీసి బీరువా మీద పెట్టేశాను. మన చెవికి 20 వేల హెర్ట్‌జ్ దాకా వినిపిస్తే కుక్కలకి 40 వేలు దాటి కూడా వినిపిస్తుంది, ఆ బిళ్ళల చప్పుడు మనం విన్నట్టు దానికి ఉండదు కదా. పశువుల డాక్టర్ని అడిగితే శబ్దాన్ని మానేయక్కర్లేదు, చాలా చిన్నగా మొదలుపెట్టి, అది వినిపించినప్పుడల్లా దానికి ఇష్టమైంది తినడానికి పెట్టు, భయపడితే అక్కడే ఆపెయ్, తొందరపడకు అన్నారు.

అలాగే చేశాను. బిళ్ళల సందులో పాత కాటన్ గుడ్డముక్క కుక్కి, వెనక గదిలో తలుపేసుకుని, వేలి కొసతో త క ధి మి అనుకుంటూ మెల్లగా ఐదు నిమిషాలు. హాల్లో మా ఆయన దానికి ఉడికించిన గుడ్డు చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టేవారు. వారం తర్వాత తలుపు కొంచెం తెరిచాను, ఇంకో వారానికి గుడ్డముక్క సగం తీశాను. మధ్యలో ఒకసారి పక్కింట్లో పెళ్ళి మేళం మోగి మళ్ళీ మొదటికొచ్చాం. ఏం చేస్తాం, మళ్ళీ గుడ్డ కుక్కి మొదలుపెట్టాను. దాదాపు రెండు నెలలు పట్టింది. ఒకరోజు సాధన అయ్యాక చాప మీద కంజీర పెట్టి నీళ్ళు తాగి వచ్చేసరికి మల్లి దాని ముందు పడుకుని తడి తోలుని శ్రద్ధగా నాకుతోంది. మేకతోలు వాసన మరి! కొరికేస్తుందని టెన్షన్ పడి పరుగున వెళ్ళి లాక్కున్నాను కానీ, లోపల పట్టరాని సంతోషం. ఆ వస్తువంటే దానికి భయం పోయింది.

మొన్న ధనుర్మాసంలో పాకాల దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరికి వెళ్ళాం. ఆ నెలంతా అక్కడ తెల్లవారుజామున భజన ఊరంతా తిరుగుతుంది. నా కంజీర తీసుకుని రమ్మని అవ్వ ఫోన్లో ఒకటే గోల. మల్లిని వదిలి వెళ్ళలేం కాబట్టి తెలిసిన ఆటో మాట్లాడుకుని చంద్రగిరి, పనపాకం మీదుగా బయల్దేరాం. చంద్రగిరిలో కోట కొండ కనిపించేచోట ఆపి టీ తాగి, దానికి నీళ్ళు పెట్టాం. మిగతా దారంతా తువ్వాలు చుట్టిన కంజీర నా ఒళ్ళో, మల్లి తల ఆ తువ్వాలు మీద.

అవ్వ ఇంకా కట్టెల పొయ్యి మీదే వండుతుంది. ఆ సాయంత్రం సంగటి. ముందు ఒక గ్లాసు బియ్యం ఎసట్లో మెత్తగా ఉడకనిచ్చి, మధ్యలో రెండు గ్లాసుల రాగిపిండి కుప్పగా పోసింది. పోశాక కలపకూడదు. తెడ్డు కాడతో కుప్ప మధ్యలో గుంత చేసి, మూతపెట్టి, మంట తగ్గించి పిండిని అలా మగ్గనివ్వాలి, అప్పుడే కలిపితే లోపల పచ్చిపిండి ఉండలు మిగిలిపోతాయి. నేను తిరుపతిలో గ్యాస్ మీద చేసినప్పుడు తొందరపడి గెలికేస్తాను, అందుకే నా సంగటికి ఈ రుచి రాదు. మగ్గేలోపు అవ్వ వేయించిన చెనిక్కాయలు (వేరుశెనగలు), ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ (వెల్లుల్లి), ఉప్పు రోట్లో వేసి కచ్చాపచ్చాగా ఊరిబిండి పచ్చడి నూరింది, చివర్లో ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేసి ఒక్క పోటు.

చలిగాలిలో తేమకి నా కంజీర తోలు పూర్తిగా వదులై జారిపోయింది, ఎంత కొట్టినా దప్ దప్ అంటోంది. అవ్వ చూసి, "ఏందమ్మే అట్లా చూస్తా ఉండావు, పొయ్యి దగ్గర పెట్టు, అదే బిగుస్తాది" అంది. పొయ్యికి మూరెడు దూరంలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే తోలు మెల్లగా బిగుసుకుంటోంది, నాకు వేళ్ళకి తెలుస్తోంది. ఒక దెబ్బ కొట్టి చూడటం, మళ్ళీ కాచడం. నా మోకాలికి ఆనుకుని మల్లి పడుకుని ఉంది, దెబ్బ కొట్టినప్పుడల్లా ఒక చెవి మాత్రం కదుపుతోంది, కళ్ళు తెరవట్లేదు. అవ్వ రెండు కాళ్ళ మధ్య గిన్నె పట్టుకుని సంగటి గెలుకుతోంది. ఆ పొగ, రాగి వాసన, బిగుస్తున్న తోలు వాసన, ఇవన్నీ కలిసిన ఆ పావుగంట నాకు ఎప్పటికీ గుర్తుంటుంది.

మల్లి ముద్ద వేరే. ఉప్పు, ఊరిబిండి ఏమీ లేకుండా ఆరబెట్టిన ఉత్త సంగటిలో కాస్త పెరుగు. కుక్కల్ని పెంచేవాళ్ళు దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ ఉన్న కూరలు వాటికి పెట్టొద్దు, రక్తంలో ఎర్రకణాలు దెబ్బతింటాయి. మిగిలిన సాంబారు పారేయడం ఎందుకని పోసే ఇళ్ళు మా వీధిలోనే చాలా ఉన్నాయి, ప్రేమతోనే పోస్తారు, కానీ వాటికి అది విషం.

మర్నాడు నాలుగింటికి రాములవారి గుడి ముందు కలిశాం. హార్మోనియం ఒకరి మెడలో, డోలక్, తాళాలు, నేను. మంచు ఎంతుందంటే ముందు నడిచేవాళ్ళ దుప్పట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మల్లిని అవ్వ దగ్గర వదిలి వచ్చాను, ఇంతమంది చప్పుడు తట్టుకోలేదని. రెండో వీధి తిరిగేసరికి నా కంజీర మళ్ళీ జారింది. దారిలో ఎవరో వేసిన చలిమంట దగ్గర ఆగితే, భజనలో పెద్దాయన ఒకరు నా చేతిలోంచి తీసుకుని, మంట మీద రెండుసార్లు తిప్పి, బొటనవేలితో మీటి చూసి ఇచ్చారు. నాకు పదిహేను నిమిషాలు పట్టే పని.

అవ్వ ఇంటి ముందుకి వచ్చేసరికి గడప దగ్గర తెల్లగా ఏదో కదిలింది. అవ్వ వాకిట్లో ముగ్గేస్తోంది, మల్లి ఆమె పక్కన నిలబడి ఉంది. ఇంట్లోకి పరుగెత్తుతుందేమోనని నేను కొట్టడం ఆపాను. అది ముక్కు పైకెత్తి గాలిలో వాసన చూసింది, ముగ్గు తొక్కుకుంటూ నేరుగా నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. అవ్వ ముగ్గు పోయిందని ఏమీ అనలేదు, "కొట్టమ్మే, ఆపినావెందుకు" అంది.