మువ్వన్నె గుర్రాల వెంట షియాన్, లోయాంగ్

చైనాలోని షియాన్ వెళ్లినవాళ్లందరూ అక్కడి తొలి చక్రవర్తి సమాధి దగ్గరి మట్టి సైన్యాన్ని చూసి వస్తారు. నేనూ చూశాను. కానీ నన్ను అంతదూరం లాక్కెళ్లింది ఆ సైనికులు కాదు, వాళ్ల తర్వాత దాదాపు తొమ్మిది వందల ఏళ్లకు పుట్టిన రంగు బొమ్మలు. ఆకుపచ్చ, తేనె రంగు, మీగడ తెలుపు ఒకదాంట్లోకి ఒకటి కారిపోతూ ఉండే గుర్రాలు, ఒంటెలు, రాచకొలువు స్త్రీలు. సాన్‌సాయ్, అంటే మూడు రంగులు, అంటారు అక్కడ. క్రీ.శ. 618 నుంచి 907 దాకా ఏలిన టాంగ్ వంశం కాలంలో పెద్దింటివాళ్ల సమాధుల్లో పెట్టడానికి చేసినవి. నకిలీలు కోకొల్లలు కాబట్టి, అసలువి ఎలా పోల్చుకుంటారో, వాటికి వయసు ఎలా కడతారో దగ్గరగా చూద్దామని నా కోరిక.

షాన్సీ చరిత్ర మ్యూజియం టికెట్ దొరకడం తిరుమల దర్శనం స్లాట్ దొరకడం లాంటిదే. పాస్‌పోర్ట్ నంబరు పెట్టి ముందే బుక్ చేసుకోవాలి. షియాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మా ఖమ్మం బంధువుల అబ్బాయి ఎలాగో సంపాదించాడు. మ్యూజియానికి దగ్గర్లోనే పెద్ద అడవిబాతు పగోడా ఉంది. మన అమరావతి ప్రాంతానికి వచ్చి వెళ్లిన హ్యూయన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టింది. బయటినుంచే ఓ చూపు చూసి లోపలికి పరిగెత్తాం.

అందరూ గుమిగూడేది ఒక ఒంటె దగ్గర. 1959లో షియాన్ పడమటి శివార్లలో దొరికింది. ఎత్తు అర మీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఒంటె మెడ ఎత్తి అరుస్తున్నట్టు ఉంటుంది. దాని వీపు మీద చారల తివాచీ పరిచిన వేదిక, దాని మీద చుట్టూ కూర్చుని వాయిస్తున్న ఏడుగురు మగవాళ్లు, మధ్యలో నిలబడి పాడుతున్న ఒక బొద్దు గాయని. జనం కాస్త పలచబడ్డాక అద్దానికి ముక్కు ఆనించి చూశాను. బట్టలన్నీ నిగనిగలాడుతున్నాయి, ముఖాలు మాత్రం పొడిగా, మెరుపు లేకుండా ఉన్నాయి.

కారణం తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. బొమ్మ మీది ఈ గాజు పూతలో, అంటే గ్లేజులో, సీసం ఉంటుంది. బొమ్మను ముందు ఉత్తగా వెయ్యి డిగ్రీలకు పైన కాల్చి, తర్వాత గ్లేజు పూసి ఇంకా తక్కువ వేడిలో, 800, 900 డిగ్రీల మధ్య మళ్లీ కాలుస్తారు. రాగి కలిపితే ఆకుపచ్చ, ఇనుము కలిపితే తేనె రంగు, కోబాల్ట్ కలిపితే నీలం. సీసం వల్ల అది బట్టీలో పల్చగా కారిపోతుంది. కళ్లూ ముక్కూ మీద పూస్తే పూడుకుపోతాయి. అందుకే చాలా బొమ్మలకు మెడ దగ్గర ఆపేసి, కాల్చాక ముఖానికి మామూలు రంగులు వేసేవారు. మట్టిలో వందల ఏళ్లున్నాక పెదవుల ఎరుపు, కనుబొమల నలుపు చాలావరకు రాలిపోతాయి. ముఖం మాత్రం నిన్ననే దిద్దినట్టు తళతళలాడుతుంటే అనుమానించాల్సిందే. అలాగని ముఖానికి గ్లేజు లేనివన్నీ టాంగ్ కాలానివే అనుకోకూడదు. ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత మింగ్ కాలంలోనూ ఆకుపచ్చ, తేనె రంగు పూసి ముఖం వదిలేసిన సేవకుల బొమ్మలు చేశారు. కొన్నిటికి తల విడిగా ఊడి వస్తుంది, వేషం వేరుగా ఉంటుంది. ఇక టాంగ్‌కు ముందరి హాన్ కాలపు బావులు, పొయ్యిలు, కావలి బురుజుల బొమ్మలకు ఎక్కువగా ఒంటి ఆకుపచ్చే. సమాధి తేమకు ఆ పచ్చదనం మీద వెండి పొర పేరుకుంటుంది.

మర్నాడు షియాన్‌కి వాయవ్యంగా ఛియెన్‌లింగ్ వెళ్లాం. టాంగ్ కాలపు మహారాణి వూ జెతియెన్, ఆమె భర్త సమాధి ఉన్న కొండ అది. నాకు కావలసింది ఆ పక్కనే ఉన్న ఆమె మనవరాలు, యువరాణి యోంగ్‌తాయ్ సమాధి. ఏటవాలు దారిలో దిగుతుంటే రెండు వైపులా గోడల్లో గూళ్లు వస్తాయి. బొమ్మలు దొరికింది అక్కడే. 1960ల మొదట్లో తవ్వేటప్పటికే దొంగలు పడి దోచుకుపోయారు. వాళ్లలో ఒకడి అస్థిపంజరం కూడా దొరికిందని చెబుతారు. అయినా గూళ్లలోని వందల బొమ్మలూ, ఒక రాతి ఫలకమూ మిగిలాయి. ఆ ఫలకం మీద ఆమె చరిత్ర చెక్కి ఉంది. 701లో చనిపోయింది, 706లో తండ్రి ఇక్కడికి తెప్పించి మళ్లీ సమాధి చేయించాడు. ఆమెను నాయనమ్మే చంపించిందని చరిత్ర గ్రంథాలు అంటాయి, ఫలకం మాత్రం గర్భం వల్ల పోయినట్టు చెబుతుంది. చావు సంగతి ఎలా ఉన్నా, 706 అన్నది గట్టి తేదీ. ఆ గూళ్లలోని బొమ్మలు ఆ ఏటికి చేసి పెట్టినవి.

పరిశోధకులు వయసు కట్టేది ఇలాంటి ఫలకాల వల్లే. 664లో సమాధి అయిన సేనాని జెంగ్ రెన్‌తాయ్ దగ్గర దొరికిన అధికారుల బొమ్మలకు లేత పసుపు గ్లేజు, దాని మీద రంగులు, బంగారు రేకు. మూడు రంగులు కారే పద్ధతి ఇంకా రాలేదు. 723 నాటి మరో సేనాని షియెన్‌యూ తింగ్‌హుయ్ సమాధికి వచ్చేసరికి మువ్వన్నె పూర్తి జోరులో ఉంది. ఆయన ఒంటె కూడా వాద్యగాళ్లను మోస్తుంది, ఇప్పుడు బీజింగ్ నేషనల్ మ్యూజియంలో ఉంది. స్త్రీల ఒళ్లు కూడా లెక్కకు వస్తుంది. 700 చుట్టుపక్కల సన్నగా, బిగుతు చేతుల రవికలతో ఉంటారు. ఎనిమిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి బుగ్గలు పూరీల్లా పొంగి, వదులు గౌన్లు, జారుముడులు. 755లో సేనాని ఆన్ లూషాన్ తిరుగుబాటు లేచాక రాజ్యం చితికిపోయింది, ఈ ఆడంబరమూ తగ్గింది.

లోయాంగ్‌కి హైస్పీడ్ రైల్లో రెండు గంటలు కూడా పట్టలేదు. ఇక్కడ రైలుకీ ఈ బొమ్మలకీ చుట్టరికం ఉంది. 1900ల మొదటి దశకంలో కైఫెంగ్, లోయాంగ్ మధ్య పట్టాలు వేస్తూ మాంగ్‌షాన్ కొండల్ని తవ్వితే టాంగ్ సమాధులు బయటపడ్డాయి. సమాధి వస్తువు ఇంట్లో పెట్టుకుంటే అశుభమని అంతకుముందు ఎవరూ ముట్టుకునేవారు కాదు. బీజింగ్ దుకాణాలకు చేరాక లువో జెన్‌యూ లాంటి పండితుల కంట పడ్డాయి. విదేశీ కొనుగోలుదారులు ఎగబడ్డారు, వెంటనే నకిలీల వ్యాపారమూ మొదలైంది.

ఇప్పుడు దాచిపెట్టకుండా చేసే ఊరు ఒకటుంది, లోయాంగ్ దగ్గర నాన్‌షిషాన్. ఒక వర్క్‌షాప్‌లో పెద్దాయన రెండు గుర్రాలు బల్ల మీద పెట్టి, "వీటిలో ఏది పాత పద్ధతి?" అన్నాడు. మా ఖమ్మం అబ్బాయి తెలుగులో చెప్పేలోపే నేను రెంటినీ తిరగేశాను. గుర్రం పొట్ట కింద రూపాయి బిళ్ళ కంటే పెద్ద రంధ్రం ఉంటుంది. టార్చి వేసి చూస్తే ఒకదాని లోపలి గోడ గుండు గీసినట్టు నున్నగా, ఒకే మందంతో ఉంది. నీళ్ల మట్టిని ప్లాస్టర్ అచ్చులో పోసి తీసింది. రెండోదాంట్లో అతుకు పొడవునా వేళ్లతో అదిమిన గుంటలు, ఎక్కడ పడితే అక్కడ మందం. రెండు అచ్చుల్లో మట్టి ఒత్తి, సగాలు అతికి, లోపలి నుంచి వేలితో పామిన పని. "బాబాయ్, బయట చూడకుండా పొట్టలోకి చూస్తారేంటి?" అని నవ్వాడు మావాడు. పెద్దాయన మాత్రం తలూపాడు.

అయితే ఒత్తుడు అచ్చు ఈయనకూ వచ్చు, కాబట్టి అదొక్కటే చాలదు. సన్నటి పగుళ్ల వల, అంచుల్లో పెచ్చులుగా రాలిన గ్లేజు, తడి బొటనవేలుతో రుద్దినా పోని మట్టి, ఇవన్నీ కలిసి రావాలి. యాసిడ్‌తో మెరుపు చంపినవీ ఉంటాయి, బంకతో అంటించిన మట్టీ ఉంటుంది. అప్పుడు ల్యాబే గతి. గ్లేజు లేని చోట చిటికెడు పొడి తీసి వేడిచేస్తారు. కాల్చిన నాటి నుంచి మట్టిలోని క్వార్ట్జ్ రేణువులు దాచుకున్న శక్తి వెలుగుగా బయటికి వస్తుంది, దాన్నిబట్టి వయసు లెక్క. థర్మోల్యుమినిసెన్స్ అంటారు. ఇది వందల ఏళ్లదా, మొన్నటిదా అన్నది తేలుస్తుంది గానీ 706కీ 723కీ తేడా చెప్పలేదు. పాత కాళ్లకు కొత్త ఒళ్లు అతికించే ఘనులూ ఉన్నారు కనుక ఒకే చోట పొడి తీసి సరిపెట్టుకోవడం నాకైతే నచ్చదు.

సాయంత్రం లోయాంగ్ పాత బజారులో ఒకతను గుడ్డ కింద నుంచి గుర్రం తీసి, వాళ్ల తాత పొలంలో దొరికిందన్నాడు. 1911కి ముందువి దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదు. అసలుదైతే నేను తీసుకెళ్లలేను, నకిలీదైతే ఆ ధర పెట్టలేను. ఆ మాటే మావాడు అతనికి చైనీస్‌లో చెప్పాడు. అతను ఏమాత్రం చలించకుండా ధర సగానికి తగ్గించి, ఫాక్టరీ బిల్లు కూడా ఇస్తానన్నాడు.