చీమ చెప్తే ఏడు చేపల కథ ఎంత ఉంటుంది?

కథ చదివించాక "ఇది ఎవరు చెప్తున్నార్రా" అని అడగండి, ఏడో క్లాసు పిల్లలు ఠక్కున పాఠం పైనున్న రచయిత పేరు చెప్పేస్తారు. కాదర్రా, కథ లోపల ఎవరు చెప్తున్నారు అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. పాత్రలు, స్థలం, కాలం, సమస్య, ముగింపు అన్నీ గైడులో ఉన్నట్టు వరసగా అప్పజెప్తారు గానీ, చెప్పే మనిషి మారితే ఇవన్నీ కూడా కదుల్తాయన్న సంగతి వాళ్ళకి ఎక్కడా తగల్లేదు. తప్పు వాళ్ళది కాదులెండి, మనమే ఓ రోజు కథలో భాగాలు, ఇంకో రోజు పాయింట్ ఆఫ్ వ్యూ (కథ ఎవరి వైపు నుంచి చెప్తున్నారన్నది) అని రెండు పాఠాలుగా చెప్పి వదిలేస్తాం.

"కోతీ మొసలీ కథని కోతి చెప్తున్నట్టు రాయండి" అంటే పిల్లలు ఏం చేస్తారో తెలుసా, కోతి అని ఉన్నచోటల్లా నేను అని పెట్టేసి పేపరిచ్చేస్తారు. అందులో మొసలి ఇంటికెళ్ళి పెళ్ళాంతో ఏం మాట్లాడిందో, ఆవిడ గుండెకాయ కావాలని ఎలా పేచీ పెట్టిందో మొత్తం కోతే చెప్పేస్తుంది, నేరేడు చెట్టు మీద కూర్చున్న దానికి అదంతా ఎలా తెలిసిందో మరి!

అందుకని నేను పుస్తకం పక్కనపెట్టి ఏడు చేపల కథ పట్టుకుంటున్నాను. అందరికీ నోటికొచ్చు, చదవాల్సిన పని లేదు. రాజకొడుకు ఎండబెట్టిన చేప ఎండలేదు, ఎందుకంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డి ఆవు మెయ్యలేదు, ఆవుని పాలేరు మేపలేదు, పాలేరుకి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వకి పిల్లాడి ఏడుపు, పిల్లాడిని చీమ కుట్టింది, చీమనడిగితే నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది.

ఇప్పుడు ఒక్కో బెంచీకి ఒక్కో పాత్ర ఇచ్చి, నీ కథ నువ్వు చెప్పు అంటాను. రూలు ఒకటే, నీకు తెలీనిది చెప్పకూడదు. ఆవు బెంచీ లేచి "చేప ఎండలేదండీ" అని మొదలెడుతుంది. ఆవుకి చేప సంగతి ఎవరు చెప్పార్రా? క్లాసంతా నవ్వు. ఆవుకి తెలిసిందల్లా ఇవాళ తనని మేతకి విప్పలేదు, ఆకలేస్తోంది, అంతే. పాలేరు కథలో సమస్య అన్నం. అవ్వ కథలో పిల్లాడు. చీమ కథ చూస్తే రెండు ముక్కలు, ఎవడో ఇంట్లో వేలు పెట్టాడు, కుట్టాను. అందులో చేపా లేదు, రాజూ లేడు, వేట అసలే లేదు. స్థలం కూడా మారిపోయింది చూడండి, రాజకొడుక్కి చేపలారబెట్టిన చోటు, చీమకి పుట్ట.

అసలు మజా ఆ తర్వాత ఉంది. ఆ కథ చెప్పే ఆయన బయటవాడే, అందులో ఎక్కడా నేను అని ఉండదు. అయినా మనకి ఏదీ ముందే చెప్పడు, రాజకొడుకు వెనకాలే నడుస్తాడు, వాడు అడిగి తెలుసుకున్నాకే మనకీ తెలుస్తుంది. అందుకే ఆ కథ వెనక్కి నడుస్తుంది, ఫలితం ముందొచ్చి కారణం చివర్లో దొరుకుతుంది. జరిగిన వరస అయితే దీనికి తిరగేసి ఉంటుంది, ముందు వేలు, ఆఖర్న చేప. ఆ వరసలో బోర్డు మీద రాసి, "ఇలా మొత్తం చెప్పగలిగేవాళ్ళు ఈ కథలో ఎవరున్నారు" అని అడిగితే కాసేపు గొడవ పడ్డారు గానీ, వెనక బెంచీ వాడొకడు "అందరి దగ్గరికీ వెళ్ళి అడిగినోడేనండి, ఇంకెవరికీ కుదరదండి ఆయ్" అన్నాడు. వ్యాకరణం రాని పిల్లాడు వాడు.

అదయ్యాక ఇదే పని వరద మీద చేయిస్తాను, ఎవరి వరద కథ వాళ్ళు రాయాలి. మా స్కూలు కోనసీమలో ఏటిగట్టుకి దగ్గర్లో ఉంటుంది, సగం మంది లంకల నుంచి, అంటే గోదావరి మధ్యలో ఉండే దిబ్బల మీది ఊళ్ళ నుంచి వస్తారు, సగం గట్టు ఇవతల వాళ్ళు. 2022 జులైలో వచ్చిన వరద అందరికీ గుర్తే. టీవీలో చెప్పే కథ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదలవుతుంది, నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, హెచ్చరిక తీసేస్తే కథ అయిపోయినట్టే. లంక పిల్ల రాసినదాంట్లో ఈ అంకెలేవీ లేవు, కాజ్‌వే మీదకి నీళ్ళొచ్చి స్కూలుకి పడవెక్కాల్సొచ్చిన రోజు దాని మొదటి వాక్యం. గేదెల్ని గట్టు మీదకి తోలడం మధ్యలో వస్తుంది. నీళ్ళు దిగాక ఇంట్లో బురద ఎత్తిపోయడం దగ్గర ఆపింది, అరటితోట సంగతి రాయలేదు, నేనూ అడగలేదు. గట్టు ఇవతల పిల్లాడిదేమో నాన్న బండి మీద వరద చూడ్డానికి వెళ్ళడం, అక్కడ వేడి బజ్జీలు, మళ్ళీ స్కూలు తెరిచారన్నది వాడికి విషాదాంతం. చేపలు పట్టేవాళ్ళ అబ్బాయి ఇంకోలా రాశాడు, ఎర్రనీళ్ళు రావడమంటే పులస చేప రావడం, వాళ్ళింట్లో ఎదురుచూసేది దానికోసమే.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా ఉండాలి. లంక పిల్లలు కొందరికి ఆ రోజులు రాయడం ఇష్టముండదు, బలవంతం చెయ్యను, గేదె చెప్తున్నట్టు రాయమంటే హాయిగా రాస్తారు. ఇంకోటి, వినగానే "వాడు అబద్ధం రాశాడండి" అని పోట్లాటకి దిగుతారు. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయన్నది అడిగి తేల్చుకోవచ్చు, గోడ మీద మరక కూడా ఉంటుంది, అక్కడ ఇద్దరూ చెరో మాట చెప్తే ఒకళ్ళది తప్పే. వరద ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయిపోయింది అన్నది మాత్రం అలా తేలదు. ఈ రెండు రకాల తేడాలూ పిల్లలు కలిపేస్తారు, పెద్దాళ్ళూ కలిపేస్తారనుకోండి.

పోల్చమన్నప్పుడు చాలామంది రెండు సున్నాలు గీయించి, కలిసేవి మధ్యలో, తేడాలు పక్కన రాయిస్తారు. నాకది అంతగా నచ్చదు, పిల్లలు మధ్యలో "ఇద్దరూ గోదావరి దగ్గర ఉంటారు" అని రాసి పెన్ను మూసేస్తారు. నేను కాగితం నిలువుగా మడిపించి ఒక పక్క తెలుసు, ఒక పక్క తెలీదు అని రాయిస్తాను, ఒక్కో పాత్రకి ఒక్కో కాగితం. తెలీదు వైపు నిండితేనే పాయింట్ ఆఫ్ వ్యూ పట్టుబడినట్టు. అవి పక్కపక్కన పెట్టి, ఈ ఇద్దరికీ సమస్య ఒకటేనా, ముగింపు ఒకటేనా అని అడిగితే పోలిక దానంతటదే వస్తుంది.

మార్కులెలా వేస్తావని మా స్టాఫ్ రూమ్‌లో అడిగారు. నేను అని మార్చినందుకు ఏమీ వెయ్యను. చెప్పేవాళ్ళకి తెలీని సంగతి ఒక్కటీ దొర్లకుండా రాస్తే సగం, రెండు కథల్లో సమస్య ఎక్కడ మారిందో సొంత మాటల్లో ఒక్క వాక్యం రాస్తే మిగతా సగం. అక్షరదోషాలు ఆ రోజుకి చూడను. ఆరో క్లాసుకైతే వరద దాకా వెళ్ళను, చేపలు చాలు.