గుర్రమెక్కిన అమ్మ

ఆరిజోనా నుంచి శ్రీకాకుళం వచ్చేశాం కానీ తొడల నొప్పులు ఇంకా వదల్లేదు. కాన్యన్ డి షే లోయలోకి ఎవరికి వారు దిగిపోవడానికి లేదు. అది నవాహో అనే అమెరికా ఆదివాసీ ప్రజల నేల, వాళ్ల గైడు వెంట ఉండాల్సిందే. నాకు ఆ నియమం బాగా నచ్చింది.

కొంత నడక, ఎక్కువ స్వారీ. ఎండిన వాగు ఇసుకలో గుర్రం డెక్కలు దిగబడినప్పుడల్లా అమ్మ జీను కొమ్మును రెండు చేతులా పట్టుకుని, "ఒరేయ్, దీన్ని మెల్లగా వెళ్లమను!" అని నాకే ఆజ్ఞలు. రెండు వైపులా ఎర్రరాతి గోడలు, వాటి తొర్రల్లో వందల ఏళ్ల నాటి ఇళ్లు. 1864లో అమెరికా సైన్యం ఇక్కడి జనాన్ని బలవంతంగా తరలించి, వాళ్ల పీచ్ తోటలు నరికేసింది. గైడు ఆ మాట మామూలుగా చెప్పి గుర్రాన్ని అదిలించాడు. మాకే నోట మాట రాలేదు.

స్పైడర్ రాక్ అనే నిలువు శిల 700 అడుగుల పైమాటే. నవాహోలకు నేత నేర్పిన సాలీడు అమ్మ దాని మీదే ఉంటుందట. మా అమ్మ పుట్టిల్లు పొందూరు, ఊరుకుంటుందా? వాలుగ చేప దవడతో పత్తి ఏకే సంగతంతా నాచేత చెప్పించింది. గైడు గుర్రం ఆపి మరీ విన్నాడు.

రాత్రి గుడారంలో చలి చంపేసింది. మర్నాడు మళ్లీ స్వారీ అనగానే నాన్నగారు, "నేను నడిచే వస్తాను" అనేశారు.