గెలిచిన ఎనిమిదేళ్లకే కనుమరుగైన పార్టీ

ఓడిపోయిన పార్టీలే చచ్చిపోతాయని మనలో చాలామంది నమ్ముతారు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా చరిత్ర చదివితే ఆ నమ్మకం నిలవదు. 1848లో అధ్యక్ష పదవిని గెలుచుకున్న విగ్ పార్టీ 1856 నాటికి సొంత అభ్యర్థిని నిలబెట్టుకోలేని స్థితికి దిగజారింది. డెమొక్రాటిక్ పార్టీ మాత్రం 1860లో రెండుగా చీలి, బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం (1861–65) తరువాత తిరుగుబాటుదారుల పార్టీ అన్న నింద మోసి కూడా నేటికీ బతికే ఉంది. ఈ తేడాకు కారణమేమిటన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఆదోని పత్తి మార్కెట్ నీడలో పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ దేశపు పార్టీల చరిత్రలో పత్తి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా నా చూపు కాసేపు ఆగుతుంది.

అమెరికా రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదు. అయినా పదేళ్లు గడిచేసరికి హామిల్టన్ వెనుక ఫెడరలిస్టులు, జెఫర్సన్ వెనుక రిపబ్లికన్లు (నేటి రిపబ్లికన్ పార్టీ వేరు) జట్టు కట్టారు. నిజాం మన దత్తమండలాన్ని కంపెనీకి అప్పగించిన 1800లోనే జరిగిన ఎన్నికలో ఫెడరలిస్టులు అధికారం కోల్పోయారు. బ్రిటన్‌తో 1812లో మొదలైన యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1814 చివర హార్ట్‌ఫర్డ్‌లో వాళ్లు సమావేశమయ్యారు. వాళ్ల తీర్మానాలు రాజధానికి చేరే వేళకే న్యూ ఓర్లియన్స్‌లో బ్రిటిష్ సేనపై గెలిచిన వార్త, దాని వెంటే సంధివార్త వచ్చాయి. దేశమంతా పండుగ చేసుకుంటున్నప్పుడు ఫిర్యాదుతో వచ్చినవాళ్లుగా వాళ్లు జనం కంట పడ్డారు. ఆ తరువాత ఆ పార్టీ కోలుకోలేదు. ఇక మిగిలిన ఒకే పార్టీలో 1824లో నలుగురు అభ్యర్థులు పోటీపడ్డారు. ఎలక్టోరల్ ఓట్లలో (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారి ఓట్లలో) ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో, అందరికన్నా ఎక్కువగా 99 తెచ్చుకున్న ఆండ్రూ జాక్సన్‌ను కాదని ప్రతినిధుల సభ జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను ఎన్నుకుంది.

న్యూయార్క్ నాయకుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రంగం మీదికి వచ్చిన ఘట్టమే నా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ కీలకం. దక్షిణాది తోటల యజమానులనూ ఉత్తరాది సామాన్యులనూ ఒకే పార్టీలో కూర్చగలిగితే ప్రాంతాల మధ్య పగలు అణగి ఉంటాయని ఆయన 1827లో రాసిన ఒక లేఖలో వాదించాడు. పార్టీ మీది అభిమానం బలంగా ఉన్నంతకాలం బానిసత్వం మీద రగిలే వివాదం ఎన్నికల దాకా రాదన్నది దాని సారాంశం. అంటే, జాక్సన్ పేరు మీద 1828లో గెలిచిన డెమొక్రాటిక్ పార్టీకి ఒక అతిముఖ్యమైన ప్రశ్నను మాట్లాడకుండా ఉంచడమే పునాది అయింది. ఈ పని చేయడానికి వార్డుల స్థాయి దాకా కమిటీలు, పత్రికలు, పదవుల పంపకం అన్నీ అమరాయి. లక్షల మంది బానిసల బతుకులను పక్కన పెట్టి సాధించిన ఆ ఐక్యతను, దాని నిర్మాణ నైపుణ్యం ఎంత గొప్పదైనా, నేను మెచ్చుకోలేను.

జాక్సన్ 1832లో జాతీయ బ్యాంకు బిల్లును వీటో చేసినప్పుడు ఆయనను రాజుగా చిత్రించినవాళ్లంతా చేరి విగ్ పార్టీ అయ్యారు. ఇంగ్లండులో రాజుల పెత్తనాన్ని ఎదిరించినవారి పేరునే వీళ్లూ తీసుకున్నారు. బ్యాంకు, దిగుమతి సుంకాలు, రోడ్లు, కాలువలు కలిసిన స్పష్టమైన కార్యక్రమం పార్టీ నాయకుడు హెన్రీ క్లే చేతిలో ఉంది. అయితే గెలుపు అవసరమైన ప్రతిసారీ పార్టీ ఆ కార్యక్రమాన్ని దాచిపెట్టి ఒక సైనికాధికారిని ముందు నిలిపింది. 1840లో ఎన్నికల ప్రణాళికే లేకుండా, సామాన్యుడి గుర్తుగా కలపగుడిసె బొమ్మలతో ఊరేగింపులు జరిపి విలియం హెన్రీ హారిసన్‌ను గెలిపించింది. ఆయన నెల రోజులకే మరణించగా, గద్దెనెక్కిన ఉపాధ్యక్షుడు జాన్ టైలర్ ఆ పార్టీ తెచ్చిన బ్యాంకు బిల్లులను రెండుసార్లు వీటో చేశాడు. 1848లోనూ ప్రణాళిక లేదు. మెక్సికోతో యుద్ధాన్ని విమర్శించిన పార్టీ, ఆ యుద్ధంలోనే పేరు తెచ్చుకున్న జాకరీ టేలర్ అనే బానిసల యజమానిని అభ్యర్థిగా నిలిపి గెలిచింది. ఆ గెలుపులోనే దాని పతనం మొదలైందని నా అభిప్రాయం, ఎందుకంటే టేలర్‌కు ఓటు వేసిన ఉత్తరాదివాడూ దక్షిణాదివాడూ బానిసత్వం విషయంలో ఆయన నుంచి ఒకదానికొకటి పొసగని రెండు ఫలితాలను ఆశించారు.

టేలర్ 1850లో మరణించాక అధ్యక్షుడైన ఫిల్‌మోర్ పరారైన బానిసలను పట్టి అప్పగించే చట్టం మీద సంతకం చేయడంతో ఉత్తరాది విగ్గులు మండిపడ్డారు. 1852లో పార్టీ అభ్యర్థి విన్‌ఫీల్డ్ స్కాట్ నాలుగు రాష్ట్రాలే గెలిచాడు. పార్టీ పెద్దలు క్లే, డేనియల్ వెబ్‌స్టర్ ఆ ఏడాదే మరణించారు. 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం బానిసత్వానికి కొత్త భూభాగాల తలుపు తెరిచినప్పుడు ప్రతినిధుల సభలో ఓటు వేసిన ఉత్తరాది విగ్గులందరూ దానిని వ్యతిరేకించారు, దక్షిణాది విగ్గుల్లో ఎక్కువమంది సమర్థించారు. ఆ ఓటింగుతో పార్టీ చీలిక బహిరంగమైంది. దాని స్థానంలోకి ముందుగా వచ్చింది 1854లో పుట్టిన కొత్త రిపబ్లికన్ పార్టీవాళ్లు కారన్న సంగతి మనం మరచిపోకూడదు. వలస వచ్చిన ఐరిష్ కాథలిక్కుల మీద ద్వేషంతో పుట్టిన 'నో నథింగ్' ఉద్యమం ఆ ఏడాది మసాచుసెట్స్ శాసనసభను దాదాపు మొత్తంగా గెలుచుకుంది. ఆ ఉద్యమం కూడా బానిసత్వ ప్రశ్న దగ్గరే విరిగిపోయింది. బానిసత్వాన్ని ఇక విస్తరించనీయకూడదన్న ఒక్క మాట మీద నిలబడిన రిపబ్లికన్ పార్టీ 1856లో 11 రాష్ట్రాలు, 1860లో పాత విగ్గు అయిన లింకన్‌తో అధ్యక్ష పదవీ గెలిచింది.

డెమొక్రాట్లు ఎలా బతికారు? ఉత్తరాది నగరాల్లో వార్డు కమిటీలూ వలసదారుల ఓట్లూ వాళ్లకు మిగిలాయి. యుద్ధానంతరం దక్షిణాదిలో నల్లజాతి ఓటర్లను బెదిరించి, హింసించి అధికారం తిరిగి సంపాదించారు. అది మనుగడే గానీ గౌరవించదగిన మనుగడ కాదు.

అంతర్యుద్ధ కాలంలో దక్షిణాది రేవులు మూతపడి ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు భారతదేశపు పత్తి వైపు తిరిగిన సంగతి మన నల్లరేగడి ప్రాంతంలో చాలామందికి తెలుసు. ఆ తరువాత అమెరికా పత్తి రైతుకు ఏమైందన్నది ఇక్కడ అంతగా తెలియదు. ఊరి వ్యాపారి విత్తనాలూ సరుకులూ అప్పుగా ఇచ్చి పంట మీద హక్కు రాయించుకునేవాడు. ధర పడిపోయిన కొద్దీ అప్పు మరుసటి ఏటికి మోసుకుపోయేది. కమీషన్ ఏజెంటు దగ్గర పెట్టుబడి తెచ్చుకునే మన రైతుకు ఆ లెక్క వేరే వివరించనక్కర లేదు. ఆ రైతులు స్థాపించిన పాపులిస్టు పార్టీ 1892లో ఒమాహాలో తన ప్రణాళికను ప్రకటించింది. రైల్వేల జాతీయీకరణ, ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే పన్ను, ప్రభుత్వ గిడ్డంగుల్లో నిల్వ చేసిన పంట మీద తక్కువ వడ్డీకి రుణం అందులోని కోరికలు. వాళ్ల అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు పది లక్షలకు పైగా ఓట్లు, 22 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి.

నాలుగేళ్లకు డెమొక్రాట్లు, చెలామణిలో డబ్బు పెరిగేలా వెండి నాణేలను విరివిగా ముద్రించాలన్న పాపులిస్టుల డిమాండును తమదిగా చేసుకుని విలియం జెన్నింగ్స్ బ్రయన్‌ను నిలిపారు. పాపులిస్టులు కూడా ఆయననే బలపరచగా, ఆయన ఓటమితో వాళ్ల పార్టీ చెల్లాచెదరైంది. ఆదాయపు పన్ను సవరణ 1913లో రాజ్యాంగంలోకి ఎక్కింది గానీ, దాన్ని కోరిన పార్టీ అప్పటికి లేదు. నన్ను ఎక్కువగా బాధించేది జార్జియా నాయకుడు టామ్ వాట్సన్ మార్పు. నల్ల, తెల్ల పేద రైతులను ఇద్దరినీ ఒకే దోపిడీ నలుపుతోందని 1892లో చెప్పిన ఆయనే తరువాత నల్లజాతివారి ఓటుహక్కు తీసేయాలని ప్రచారం చేశాడు. లూసియానాలో 1896లో లక్షా ముప్పై వేలకు పైగా నమోదై ఉన్న నల్లజాతి ఓటర్లు 1904 నాటికి సుమారు 1,300 మందికి తగ్గిపోయారు. ఓటు కోసం పన్ను కట్టాలన్న నిబంధన వల్ల తెల్లజాతి పేద రైతుల్లోనూ ఎందరివో పేర్లు దక్షిణాది జాబితాల నుంచి పోయాయి.