గోడ మీది క్యాలెండర్ని కాస్త కిందకి దించండి

మూడు నాలుగేళ్ల పిల్లలకి నిన్నా రేపూ రెండూ ఒకటే. "రేపు అమ్మమ్మ వచ్చింది కదా" అంటారు, "నిన్న పార్కుకి వెళ్దాం" అంటారు. మనం కంగారుపడిపోయి జనవరి ఫిబ్రవరి అంటూ పన్నెండు నెలలూ బట్టీ పట్టించేస్తాం, వాళ్లూ గడగడా అప్పజెప్పేస్తారు, తీరా "మరి ఇప్పుడు ఏ నెల నాన్నా" అని అడిగితే మన మొహం వైపు చూస్తారు. నాకైతే పేర్లు తర్వాత సంగతి అనిపిస్తుంది, ముందు రోజు గడవడం అనేది కంటికి కనపడాలి. దానికోసం ఆన్‌లైన్‌లో ఖరీదైన చెక్క బోర్డులేం కొనక్కర్లేదు, కొత్త సంవత్సరానికి షాపుల వాళ్లు ఇచ్చే మామూలు తెలుగు క్యాలెండర్ చాలు. తేదీ, వారం, తిథి, నక్షత్రం, పండగలు, అమావాస్య పౌర్ణమి గుర్తులు అన్నీ అందులోనే ఉంటాయి. చేయాల్సిందల్లా మేకు కిందకి దించి పిల్లల కళ్లకి అందేలా తగిలించడం, పక్కనే దారం కట్టి ఒక పెన్సిల్ వేలాడదీయడం.

మా ఇంట్లో అన్నిటికంటే బాగా కుదిరింది పాల లెక్క. పొద్దున పాలబ్బాయి ప్యాకెట్లు వేసి వెళ్లగానే ఆ రోజు గడిలో ఎన్నో రాసేది మా పాపే. మామూలుగా రెండు, చుట్టాలొస్తే మూడు, ఊరెళ్తే సున్నా. అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి, అయినా నేను దిద్దను. నెలాఖరున వాళ్ల నానమ్మ చింతగింజలు ముందేసుకుని కూర్చుంటుంది, ఒక్కో గడికీ అన్నేసి గింజలు పెట్టి పదేసి కుప్పలు పోసి లెక్క తేలుస్తారు ఇద్దరూ. "ఆ రోజు మూడెందుకు తీసుకున్నామే?" అని నానమ్మ అడిగితే "బాబాయ్ వచ్చాడు కదా నానమ్మా, సేమ్యా పాయసం చేశావు" అని టక్కున చెప్తుంది. గడిచిపోయిన రోజుని వేలితో చూపించి మరీ గుర్తు చేసుకోవడం ఈ వయసుకి చాలా పెద్ద సంగతి, దీన్ని ఏ వర్క్‌షీటూ నేర్పలేదని గట్టిగా నమ్ముతాను.

వారాలు తిండితోటే వచ్చేస్తాయి. ఆదివారం చికెన్, శనివారం గుడి, ఇలా మీ ఇంట్లో ఏది అలవాటైతే అది ఆ గడిలో బొమ్మ వేయించండి. ఊరెళ్లే రోజుకి ఒక బస్సు బొమ్మ వేసి అక్కడిదాకా రోజూ పడుకునే ముందు ఒక గడి కొట్టేయిస్తే "ఎప్పుడు వెళ్తాం ఎప్పుడు వెళ్తాం" అనే గోల సగం తగ్గుతుంది, ఎల్లుండి అంటే రెండు గడుల అవతల అని వాళ్లకే తెలిసిపోతుంది.

ఇక నాకు బాగా ఇష్టమైనది చందమామ. అమావాస్య అయ్యాక విదియ నాడో తదియ నాడో సూర్యుడు అస్తమించిన కాసేపటికి పిల్లల్ని డాబా మీదకి తీసుకెళ్లి పడమటి వైపు చూపించండి, సన్నటి నెలవంక కనిపిస్తుంది, మన ప్రాంతంలో కొన్ని నెలల్లో అది నిలబడి కాకుండా పడవలా వెల్లకిలా పడుకుని ఉంటుంది. చూసొచ్చాక ఆ గడిలో అదే ఆకారం గీయించాలి. మర్నాడు అదే టైముకి ఇంకాస్త పైన, ఇంకాస్త లావుగా ఉంటాడు. పౌర్ణమి నాడు ఇటు సూర్యుడు దిగుతుంటే అటు తూర్పున చంద్రుడు ఎక్కుతాడు. తర్వాత రోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు కాబట్టి కొన్నాళ్లకి పిల్లలు పడుకున్నాకే వస్తాడు, అప్పుడు చాలామంది ఆపేస్తారు, కానీ ఆపకండి, ఆ రోజుల్లో పొద్దున స్కూల్‌కి వెళ్లేటప్పుడు ఆకాశంలో వెతికించండి, పగలు చంద్రుణ్ణి చూస్తే వాళ్లకి ఎంత ఆశ్చర్యమో! మబ్బు పట్టిన రోజు మబ్బే గీయాలి.

ఆరేడేళ్లొచ్చిన పిల్లలైతే ఇంకో ప్రశ్న వాళ్లే తెస్తారు, సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14, 15ల్లోనే వస్తుంది కదా, మరి ఉగాది ఎందుకు మారుతుందీ అని. 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాయించి చూడమనండి. సంక్రాంతి సూర్యుడి లెక్క, ఉగాది చంద్రుడి లెక్క, చంద్రుడి పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే, అందుకని ఏటా సుమారు 11 రోజులు ముందుకి జరుగుతుంది, అలా జరిగి జరిగి మూడేళ్లకోసారి దగ్గర్లో అధిక మాసం అని ఒక నెల అదనంగా వచ్చి మళ్లీ సర్దేస్తుంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, అంటే ఆ ఏడాది జ్యేష్ఠం రెండుసార్లు. ఇది విన్నప్పుడు మా బాబు "అయితే ఆ నెలలో పుట్టినవాళ్లకి రెండు బర్త్‌డేలా?" అన్నాడు, మా అత్తయ్య దగ్గర కూర్చుని చాలాసేపు వాదించాడు కూడా.

పిడికిలి ఎముకల మీద ఏ నెలకి 30 రోజులో, ఏ నెలకి 31 రోజులో లెక్కపెట్టడం అందరికీ తెలిసిందే, నేర్పేయండి.

రోజూ టైం పెట్టుకుని కూర్చోబెట్టకండి, క్లాసులా మారితే పారిపోతారు. వారం రోజులు ముట్టుకోకపోయినా ఏమీ కాదు, ఖాళీ గడులు ఖాళీగానే ఉండనీండి. పాత నెల కాగితం మాత్రం పారేయొద్దు, అంకెలు కత్తిరించి వరసలో పేర్పించొచ్చు, వెనక తెల్లగా ఉంటే బొమ్మలకి పనికొస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట, ఇక్కడ అచ్చయిన తిథి టైములు మీకు అలాగే సరిపోవు, పండగ ఒక్కోసారి ముందు రోజే వస్తుంది, మీ ఊరికి లెక్కకట్టిన పంచాంగం చూసి గడుల్లో పిల్లలతోనే రాయించండి.