కాలం చెల్లినదీ, నమిలేసినదీ ఒకటేనా?

ఒక ఆలోచన నచ్చకపోతే ‘పాత చింతకాయ పచ్చడి’ అని తోసిపుచ్చడం మనకు బాగా అలవాటు. ఆ ఆలోచన ఈ కాలానికి పనికిరాదని దాని అర్థమా, ఎవరో చెప్పినదానినే మళ్ళీ చెబుతున్నారని అర్థమా అన్నది మాత్రం ఆ మాటలో తేలదు. ఇవి రెండు వేరువేరు లోపాలు, తెలుగులో వీటికి వేరువేరు మాటలే ఉన్నాయి.

నమిలినదానినే మళ్ళీ నమలడం చర్వితచర్వణం. భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు ఈ మాటను ఇంద్రియసుఖాల వెంట మళ్ళీమళ్ళీ పరుగెత్తేవారి గురించి అంటాడు. మనం దానిని సాహిత్యానికీ ఉపన్యాసాలకూ తెచ్చుకున్నాం. పిష్టపేషణం దీనికి దగ్గరిదే అయినా ఒకటి కాదు. పిండిని మళ్ళీ విసరడంలో రుచి ప్రసక్తి లేదు, శ్రమ వృథా కావడమే ఉంది. కనుక అందరూ ఒప్పుకున్న విషయాన్ని పది పుటల్లో నిరూపించే వ్యాసానికి ఈ మాటే తగినది. ఊకదంపుడు మాత్రం ఈ వరుసలోకి రాదు. ఊకలో మొదటి నుంచీ గింజ లేదు, కాబట్టి నిన్న పుట్టిన విషయం మీద కూడా నిక్షేపంగా ఊక దంచవచ్చు.

మూస అన్నప్పుడు తప్పు ఆకారానిది, గతానుగతికం అన్నప్పుడు ఆలోచించకుండా ముందువారి వెనుక నడిచిన మనిషిది. వీటన్నింటిలో నాకు న్యాయంగా తోచేది ‘కాలం చెల్లిన’ అనే మాట, ఎందుకంటే అది ఆ ఆలోచన ఒకనాడు చెల్లుబాటైందని ఒప్పుకుంటుంది. ఎప్పుడు చెల్లకుండా పోయిందో, ఎందుకు పోయిందో చెప్పవలసిన బాధ్యతను అన్నవారి మీదే పెడుతుంది. పచ్చడి పేరెత్తేవారికి ఆ బాధ్యత లేదు.

సొంత కల్పన కాకపోవడం అన్ని కాలాల్లోనూ లోపం కాదు. 16వ శతాబ్దపు కవి భట్టుమూర్తి తన వసుచరిత్రలో కేవలం కల్పించిన కథలను కృత్రిమ రత్నాలతోనూ, పూర్వకథలను గనిలో పుట్టిన రత్నాలతోనూ, కవి కల్పనతో మెరుగుపడిన పూర్వకథలను సాన తీరిన జాతిరత్నాలతోనూ పోల్చాడు. కథ పాతదని తెలియగానే పుస్తకం మూసే నేటి సమీక్షకులు ఆ సాన పని జరిగిందో లేదో చూడకుండానే తీర్పు రాసేస్తున్నారు.