రెండు గీతలు, నాలుగు ప్రాంతాలు: సీయూఈటీ గణితంలో నా అనుభవం

కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీలో ఈ ఏడాది గణితం రాయబోతున్న ఇంటర్ ఎంపీసీ మిత్రులకు, ముఖ్యంగా హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటిగ్రేటెడ్ కోర్సు మీద ఆశ పెట్టుకున్నవారికి ఇది రాస్తున్నాను. మాత్రికల గురించో సమాకలనాల గురించో నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అవి మీకు ఇంటర్‌లోనే బాగా అలవాటై ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క రకం ప్రశ్న గురించి. ఒక గ్రాఫ్ ఇస్తారు. అందులో కొంత భాగం షేడ్ చేసి ఉంటుంది. కింద నాలుగు జతల అసమీకరణాలు, అంటే = బదులు ≤, ≥ లాంటి గుర్తులున్నవి, ఉంటాయి. ఆ ప్రాంతం ఏ జతకు చెందుతుందో గుర్తించాలి. చూడటానికి తేలిక. నన్ను మాత్రం దాదాపు రెండు నెలలు తిప్పలు పెట్టింది.

నేను చదివిన ఇంటర్ సిలబస్‌లో 1ఎ, 1బి, 2ఎ, 2బి నాలుగు పుస్తకాలూ వెతికినా లీనియర్ ప్రోగ్రామింగ్ లేదు. అసమీకరణాలు గీసిన హద్దుల్లో ఒక రాశికి గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కునే అధ్యాయం అది. సీయూఈటీలో ఉంది. సరే, ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి పుస్తకం తెరిచాను. అసమీకరణానికి గ్రాఫ్ గీయడం మనకు ముందే వచ్చినట్లు ఆ అధ్యాయం నడుస్తుంది. 11వ తరగతి పుస్తకానికి వెళితే, సిలబస్ కుదించినప్పుడు రెండు చలరాశుల గ్రాఫ్ భాగాన్ని తీసేశారు. కొత్త ముద్రణలో ఒక చలరాశి, సంఖ్యారేఖ వరకే ఉంది. అంటే పునాది రాయి ఒకటి రెండు పుస్తకాల మధ్య జారిపోయింది. ఎవరి దగ్గరైనా 11వ తరగతి పాత ముద్రణ ఉంటే అడిగి తీసుకుని ఆ కొన్ని పేజీలు తప్పకుండా చదవండి.

నాకు అది దొరకలేదు. అందుకని నేనే ఒక సూత్రం అల్లుకున్నాను: 'కంటే ఎక్కువ' గుర్తు ఉంటే గీతకు పైవైపు, 'కంటే తక్కువ' గుర్తు ఉంటే కిందివైపు. మొదటి పది లెక్కలకు సరిగ్గా పనిచేసింది. ఆ తర్వాత ఒక మాక్ పరీక్షలో 2ఎక్స్ − వై ≥ 0 వచ్చింది. ధీమాగా పైవైపు ఎంచుకున్నాను. తప్పు. మరో వారం తర్వాత అలాంటిదే మళ్లీ వచ్చింది, మళ్లీ తప్పు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత ఉన్న పరీక్షలో ఒక్క తప్పు ఆరు మార్కుల తేడా తెస్తుందని అప్పుడు బాగా తెలిసింది.

బీఎస్సీ గణితం చదివిన మా పెద్దమ్మ కూతురికి ఆ లెక్క చూపించాను. "గుర్తు చూసి వైపు ఎందుకు ఊహిస్తున్నావు? ఒక బిందువు తీసుకుని అసమీకరణంలో వేసి చూడు" అంది. (1, 0) వేశాను. 2 వచ్చింది, సున్నా కంటే ఎక్కువే. (1, 0) గీతకు కిందివైపున ఉంది. వై ముందున్న రుణ గుర్తు నా సూత్రాన్ని తలకిందులు చేసింది. "మూలబిందువు (0, 0) వేస్తే సరిపోతుంది కదా అక్కా" అన్నాను. "ఈ గీత మూలబిందువు గుండానే పోతోంది. వేస్తే సున్నాకు సున్నా వస్తుంది. గీత మీద నిలబడ్డవాడు ఏ వైపు వాడో ఎలా చెబుతావు?" అని, "1బిలో సరళరేఖ అధ్యాయంలో చదివావు, మరిచిపోయావా?" అని అడిగింది.

నిజంగానే చదివాను. రెండు బిందువులను రేఖా సమీకరణంలో ప్రతిక్షేపిస్తే ఒకే గుర్తు (+ లేదా −) వస్తే రెండూ రేఖకు ఒకేవైపు ఉంటాయి, భిన్నమైన గుర్తులు వస్తే చెరోవైపు ఉంటాయి. చిన్న ప్రశ్నగా బట్టీ పట్టి వదిలేసిన విషయం. లీనియర్ ప్రోగ్రామింగ్ అధ్యాయానికి ప్రాణం అదే. రేఖకు ఒకవైపున్న బిందువులన్నిటికీ ఒకే గుర్తు వస్తుంది కాబట్టే ఒక్క బిందువును పరీక్షించి మొత్తం అర్ధతలం (రేఖకు ఆ వైపున్న భాగమంతా) గురించి చెప్పగలుగుతున్నాం. ఇంటర్ చదివినవారికి ఇది కొత్త పాఠం కాదని తెలిశాక నాకున్న భయం సగం పోయింది.

ఆ సాయంత్రం అక్క నాతో చేయించిన పని ఇప్పుడు మీరు చేయండి. గ్రాఫ్ కాగితం మీద నీలి పెన్సిల్‌తో ఎక్స్ + 2వై = 6 గీయండి. అది అక్షాలను (6, 0), (0, 3) దగ్గర తాకుతుంది. ఎర్ర పెన్సిల్‌తో 3ఎక్స్ + 2వై = 12 గీయండి. అది (4, 0), (0, 6) దగ్గర తాకుతుంది. రెండూ (3, 1.5) దగ్గర కలుస్తాయి. మొదటి పాదం, అంటే ఎక్స్, వై రెండూ ధనాత్మకంగా ఉండే భాగం, నాలుగు ముక్కలవుతుంది. రెండు అసమీకరణాలకూ ≤ పెడితే మూలబిందువును ఆనుకున్న చతుర్భుజం. రెండింటికీ ≥ పెడితే పైకీ కుడివైపుకీ హద్దు లేకుండా సాగే ప్రాంతం. నీలిగీతకు ≥, ఎర్రగీతకు ≤ అయితే వై అక్షాన్ని ఆనుకున్న త్రిభుజం: (0, 3), (0, 6), (3, 1.5). గుర్తులు తారుమారైతే ఎక్స్ అక్షం మీది త్రిభుజం: (4, 0), (6, 0), (3, 1.5). గీతలు అవే, మారింది గుర్తులే. 'జాబితా 1ని జాబితా 2తో జతపరచండి' అనే ప్రశ్నలో ఈ నాలుగూ ఒకేసారి ఇచ్చినా తడబడాల్సిన పనిలేదు. నేను ఇలాంటి రేఖల జతలు రోజుకు రెండు చొప్పున గీశాను. రెండు వారాలు గడిచేసరికి ప్రాంతం ఆకారం చూడగానే గుర్తులు తోచేవి.

ఇక్కడే నా పద్ధతి మారింది. అంతకుముందు నాలుగు ఐచ్ఛికాలకూ నాలుగు గ్రాఫ్‌లు గీసి ఇచ్చిన పటంతో పోల్చేవాడిని. నేను రాసిన 2025లో 60 నిమిషాల్లో 50 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. నాలుగు గ్రాఫ్‌లకు సమయం ఎక్కడిది? దారి తిప్పి నడవాలి. పటం నుంచి మొదలుపెట్టి, అక్షాలను గీతలు తాకిన చోట్లు చదివి, అంతరఖండ రూపంలో సమీకరణం రాసుకోవాలి. 6, 3 అయితే ఎక్స్/6 + వై/3 = 1, అంటే ఎక్స్ + 2వై = 6. ఈ ఒక్క అడుగుతోనే 2ఎక్స్ + వై = 6 అని గుణకాలు తారుమారు చేసిన ఐచ్ఛికాలు ఎగిరిపోతాయి. గీత ఏ అక్షాన్ని దూరంగా తాకుతుందో ఆ చలరాశి గుణకం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. తర్వాత షేడ్ లోపల, ఏ గీత మీదా పడని ఒక బిందువు తీసుకోవాలి. వై అక్షాన్ని ఆనుకున్న త్రిభుజానికి (1, 4) చాలు: 1 + 8 = 9, ఆరు కంటే ఎక్కువ; 3 + 8 = 11, పన్నెండు కంటే తక్కువ. గుర్తులు తేలిపోయాయి.

ఐచ్ఛికాల్లో వేషాలు మార్చి ఇవ్వడం కూడా ఉంటుంది. −2ఎక్స్ + వై ≤ 0 అన్నా 2ఎక్స్ − వై ≥ 0 అన్నా ఒకటే. రుణసంఖ్యతో గుణిస్తే గుర్తు తిరగబడుతుందని తెలిసినా, తొందరలో రెండింటినీ వేరువేరుగా చూస్తాం.

ఇంకొకటి నేను చాలా ఆలస్యంగా గమనించాను. లోపలి బిందువు ఒక్కటే అన్నిసార్లూ చాలదు. (0, 3), (0, 6), (3, 1.5) త్రిభుజాన్నే తీసుకోండి. ఒక ఐచ్ఛికంలో ఎక్స్ ≥ 0 లేదనుకుందాం. (1, 4) దానికీ సరిపోతుంది. కానీ (−2, 5) కూడా సరిపోతుంది: −2 + 10 = 8, −6 + 10 = 4. అది షేడ్‌కు బయట ఉన్న బిందువు. కాబట్టి ఆ ఐచ్ఛికం తప్పు. మరోవైపు వై ≥ 0 లేకపోయినా ఈ త్రిభుజానికి ఏమీ కాదు, ఎందుకంటే అందులో వై విలువ 1.5 కంటే కిందికి దిగదు. రెండు ఐచ్ఛికాల మధ్య తేల్చుకోలేనప్పుడు బయటి బిందువుతో కూడా పరీక్షించండి.

హద్దు లేని ప్రాంతం గురించి ఒక్క మాట. రెండింటికీ ≥ పెట్టిన ముక్కలో శీర్షాలు, అంటే మూలలు, (0, 6), (3, 1.5), (6, 0). ఎక్స్ + వై కనిష్ఠం అడిగితే 4.5. రెండు అసమీకరణాలను కూడితే 4ఎక్స్ + 4వై ≥ 18 వస్తుంది, 4.5 కంటే తగ్గదని గీయకుండానే రుజువైంది. ఇలా తేలినప్పుడు కలిగే ఆనందం కోసమే నేను గణితం ఎంచుకున్నాను. కానీ అదే ప్రాంతంలో ఎక్స్ − వై కనిష్ఠం అడిగితే శీర్షాల దగ్గర విలువలు చూసి −6 అని గుర్తించకండి. (0, 100) కూడా ఆ ప్రాంతంలోనే ఉంది, అక్కడ విలువ −100. కనిష్ఠమే లేదు.

కంప్యూటర్ తెర మీద గ్రాఫ్ మీద గీతలు గీయలేం, కొలవలేం. అందుకే చివరి నెలలో స్కేలు పక్కన పెట్టి, చిత్తు కాగితం మీద చేత్తో వేసిన ముతక బొమ్మతోనే సాధన చేశాను. మీకు ఇవాళ్టికి ఒక జత ఇస్తున్నాను: వై = 2ఎక్స్, ఎక్స్ + వై = 6. (2, 4) దగ్గర కలుస్తాయి. మొదటి పాదంలో ఏర్పడే నాలుగు ముక్కలకూ అసమీకరణాలు రాయండి. మూలబిందువు ఇక్కడ సాయపడదు, (1, 1)తో మొదలుపెట్టండి.